పనిబల్ల చెంత ధూళి, పొగ – పీల్చు యంత్రమును ఎన్నుకొను విధము

మన కళాశాలకు అనుబంధముగా నడచు వృత్తివిద్యా కర్మశాలలో నాలుగు పనులు నేర్పబడుచున్నవి: వడ్రంగము, వెల్డింగు, ఎలక్ట్రానిక్సు సోల్డరింగు, ఇండ్ల వైరింగు. నాలుగింటిలోను పని సాగుచున్నంత సేపు గాలిలోనికి ఏదో ఒకటి లేచుచునే యుండును. ఈ సంవత్సరము కమిటీ వారు దీనికొక ఏర్పాటు చేయ సంకల్పించి, గోడకు రెండు పెద్ద ఎగ్జాస్టు ఫ్యానులు బిగించుటయా, లేక ఒక్కొక్క పనిబల్ల వద్దనే ధూళిని, పొగను పీల్చు యంత్రములను అమర్చుటయా అని ఆలోచించుచున్నారు. అమ్మకందారులు పంపిన వివరణ పత్రములన్నియు ఆంగ్లమున ఉన్నందున వానిని తెలుగు చేయు పని మాకు అప్పగింపబడినది. సాహిత్యము బోధించు వారికి బ్లోవర్లతో ఏమి పనియని కొందరు మిత్రులు నవ్విరి. కాని ఒక మాటకు సరియైన అర్థమేమో తేల్చుటయే మా వృత్తి. ఆ పత్రములలోని మాటలకు అర్థము తేల్చుకొనుచు పోగా రెండు ఏర్పాట్లకును గల భేదము మాకు స్పష్టమైనది. గోడ ఫ్యానులు చౌకయగుట నిజము. అవి ఈ పనికి చాలవని మా నిశ్చితాభిప్రాయము. ఎందుకు చాలవో, వాని బదులు దేనిని ఏ క్రమమున కొనవలెనో విద్యార్థులకును కమిటీ పెద్దలకును విన్నవించుటకే ఈ వ్యాసము.

వృత్తి వలన ఊపిరి చెడుట నేటి మాట కాదు. 1556లో అచ్చైన తన గనుల గ్రంథమున జర్మను పండితుడు అగ్రికోలా, కార్పేథియను కొండల గనులలో ధూళి వలన భర్తలు ఒకరి వెనుక ఒకరు మరణింపగా ఏడుగురిని పెండ్లాడిన స్త్రీలు కలరని వ్రాసినాడు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని పనివారల వ్యాధులను గూర్చి ఒక గ్రంథమునే రచించి, రోగిని పరీక్షించునపుడు అతడు ఏమి పని చేయునో కూడ వైద్యుడు అడుగవలెనని బోధించినాడు. ఆయన పేర్కొన్న వృత్తులలో నారను, పట్టును ఏకువారి వృత్తి యొకటి. ఆ సంగతి తెలిసినపుడు మనకు నూర్ బాషా దూదేకుల కుటుంబములు జ్ఞప్తికి రాక మానవు. ముక్కునకు తుండుగుడ్డ చుట్టుకొని, వింటినారిని మ్రోగించుచు, దూదిధూళి నడుమ బ్రతుకంతయు గడపిన తాతలు మన విద్యార్థులలో పలువురికి కలరు. రాగి పాత్రలకు కళాయి పూయువారు తగరము పట్టుటకై నవాసాగరమును, అనగా ఉర్దూలో నౌషాదరును, చల్లగా గుప్పున లేచు తెల్లని పొగను చూచియుండనివారు మన బస్తీలలో అరుదు. అనుభవజ్ఞుడైన కళాయి పనివాడు గాలి వచ్చు వైపున కూర్చుండి ఆ పొగను తన నుండి అవతలకు పోనిచ్చును. పొగ ముక్కును చేరక మునుపే, పుట్టిన చోటనే దానిని మళ్లింపవలెనని అతనికి ఎవరును పాఠము చెప్పలేదు. నేటి యంత్రములు చేయవలసిన పనియు అంతకంటె వేరు కాదు.

ముందుగా మాటల సంగతి తేల్చుకొందము. తెలుగున మనము పొగయని ఒకే మాటతో పిలుచు దానిలో వేరువేరు వస్తువులు కలవు. రాయియో కొయ్యయో ఇనుమో అరిగి, విరిగి పొడియైనచో అది ధూళి. లోహము కరగి ఆవిరియై, చల్లని గాలి తగులగానే మరల గడ్డకట్టి అతిసూక్ష్మ కణములైనచో అది లోహపు పొగ. కంటికి పొగవలె నున్నను అది నిజమునకు ఘనపదార్థమే. ఇక థిన్నరు డబ్బా మూత తీయగానే ముక్కునకు తగులునది ఆవిరి. దానిని ఏ గుడ్డయు వడగట్టజాలదు. ఉర్దూ శాఖలోని మిత్రులు నేల మీద పేరుకొన్న దానిని గర్ద్ అనియు, గాలిలో లేచి తేలుచున్న దానిని గుబార్ అనియు వేరుచేసి చెప్పుదురు. చీపురుతో ఊడ్చునది గర్ద్. ఊపిరితిత్తులలోనికి పోవునది గుబార్. కర్మశాల నేల శుభ్రముగా నున్నదని సంతసించువారు ఈ భేదమును మరచుచున్నారు.

ఆ గుబారులో కంటికి కనిపించు భాగము కంటె కనిపించని భాగమే ప్రమాదకరము. తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 10 మైక్రానులకు మించిన కణములలో పెక్కు ముక్కు, గొంతులలోనే చిక్కుకొని చీమిడిగా, కఫముగా బయటపడును. 4, 5 మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాక పోవును. కళ్లమున ధాన్యము తూర్పారబట్టుట విద్యార్థులు చూచియే యుందురు. గింజ చేట క్రిందనే పడును, తాలు కొంత దూరము పోయి పడును, నూగు మాత్రము ఎక్కడికో ఎగిరిపోవును. రాతిధూళియు అంతే. కదలని గాలిలో 100 మైక్రానుల రాతి రేణువు మన ముఖమెత్తు నుండి, అనగా సుమారు మీటరున్నర నుండి, మూడు సెకండ్లలో నేలకు చేరును. 10 మైక్రానుల రేణువునకు మూడు నిమిషములు పట్టును. 1 మైక్రాను రేణువునకు నాలుగు గంటలకు పైగా పట్టును. ఉదయము తొలి పీరియడులో ఒకడు లేపిన ధూళిని మధ్యాహ్నపు తరగతివాడు పీల్చుచున్నాడన్నమాట.

మన నాలుగు పనులలో దేనికి ఎంత కీడు కలదో చూతము. అందరును వెల్డింగును చూచి భయపడుదురు గాని, మేము మొదట వైరింగును చెప్పుచున్నాము. పైపు పాతుటకు గోడలో గాడి కొట్టునపుడు నేడు సుత్తి, ఉలి పోయి చేతి గ్రైండరు వచ్చినది. ఇటుక, సిమెంటు, టైలు, గ్రానైటు – అన్నింటను స్ఫటిక రూపమైన సిలికా కలదు. గ్రానైటులోనే అది సుమారు 20 నుండి 40 శాతము వరకు ఉండును. నిమిషమునకు వేలసార్లు తిరుగు చక్రము దానిని మైదాపిండి కంటె మెత్తగా చేసి ముఖము మీదికి కొట్టును. లోనికి పోయిన సిలికా ఊపిరితిత్తులలో మచ్చలు కట్టి, వానిని క్రమముగా బిగుసుకొని పోవునట్లు చేయును. ఆ సిలికోసిస్ వ్యాధిని నయము చేయు మందు నేటికిని లేదు. పని మానిన తరువాత కూడ అది ముదురవచ్చును. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ సిలికా ధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చినది. మన పెద్దలు ఉంగరములలో ధరించు అకీకు రాయి గుజరాతులోని ఖంభాతులో సానపట్టబడును. అక్కడి సానపని వారిలో ఈ వ్యాధి ప్రబలియుండుట చేత అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఇంజనీర్లు సానచక్రములకు ధూళి నియంత్రణ పరికరములను రూపొందింపవలసి వచ్చినది. చిన్న చక్రము, చిన్న గది, ఒక్క మనిషి – ఖంభాతు సానబల్లకును మన గోడ గాడికిని పోలిక ఎక్కువ.

కొయ్యపొడి నిరపాయమని వడ్రంగములో ఒక భ్రమ కలదు. చిత్రిక పట్టగా వచ్చు చుట్టల వలన పెద్ద బాధ లేదు. రంపపు పొట్టులోని ముతక భాగమును అంతే. కాని సాండరు లేపు మెత్తని పొడి, ఉప్పుకాగితముతో రుద్దగా వచ్చు పొడి ఉబ్బసమును కలిగించును. గట్టి కొయ్యల పొడిని దీర్ఘకాలము పీల్చినవారికి ముక్కులోపల క్యాన్సరు వచ్చుట గమనింపబడినందున పై సంస్థయే 1995లో కొయ్యధూళిని కూడ అదే పట్టికలో చేర్చినది. వెల్డింగు పొగ 2017లో ఆ పట్టికకు ఎక్కినది. అందులోని కణములలో పెక్కు 1 మైక్రాను కంటెను చిన్నవి. జింకు పూత గల రేకును వెల్డు చేసినచో, 907 డిగ్రీలకే మరుగు జింకు ఆవిరియై, ఆ సాయంకాలము పనివానికి చలి, జ్వరము తెప్పించును. బిద్రీ పాత్రలు పోతపోయువారికిని, ఆ మిశ్రలోహమున జింకే అధికము కనుక, ఈ జాగ్రత్త అవసరమే. స్టెయిన్ లెస్ స్టీలు పొగలోని క్రోమియము ఇంతకంటె దుష్టమైనది. సోల్డరింగులో అందరును సీసపు పొగకు భయపడుదురు; నిజమునకు సోల్డరింగు ఇనుము వేడికి సీసము చెప్పుకొనదగినంతగా ఆవిరి కాదు. అది చేతికంటి అన్నముతో లోనికి పోవును. సబ్బుతో చేతులు కడుగుకొనుటయే దానికి మందు. అక్కడ లేచు పొగ ఫ్లక్సులోని రోజినముది. అది ఉబ్బసకారి. ఒకసారి అది పడని శరీరతత్త్వము ఏర్పడినచో ఆ విద్యార్థి ఆ వృత్తినే వదులుకొనవలసి రావచ్చును.

బెల్లముముక్క తిన్నచో ధూళి దిగిపోవునను నమ్మకము మన కార్ఖానాలలో చాల కాలముగా నున్నది. బెల్లము గొంతునకు హాయి గూర్చును. దానిని నమ్మి యంత్రమును మానుకొనుట మాత్రము తగదు.

ఇప్పుడు గోడ ఫ్యానుల విషయము. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల గదిని తీసికొందము. ఎనిమిది మీటర్ల గోడకు గంటకు 5,000 ఘనపు మీటర్ల గాలిని త్రోయు ఫ్యానులు రెండు బిగించినామనుకొందము. గది ఘనపరిమాణము 320 ఘనపు మీటర్లు. గంటకు ముప్పది మార్లకు పైగా గదిలోని గాలి మారును. వినుటకు ఎంతో బాగున్నది. కాని ఆ గాలి గది అడ్డుకోత అంతయు, అనగా 32 చదరపు మీటర్లు, పరచుకొని నడచును. లెక్క కట్టినచో పనిబల్ల వద్ద దాని వేగము సెకండుకు 9 సెంటీమీటర్ల లోపే. మెల్లగా లేచు వెల్డింగు పొగను పట్టి లాగుటకైనను సెకండుకు 50 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వేగము కావలెను. సానచక్రము విసరు ధూళికి రెండున్నర మీటర్ల నుండి పది మీటర్ల వరకు కావలెను. మనకు దొరకునది కావలసిన దానిలో ఐదవ వంతు కూడ కాదు. పైగా ఆ గాలి పొగను మోసికొనిపోవు దారిలో వరుసగా ఇతర విద్యార్థుల ముఖములున్నవి. మొదటి బల్లవాని పొగను చివరి బల్లవానికి పంచిపెట్టుటయే ఆ ఫ్యాను చేయు పని. వేడిని తగ్గించుటకు, వాసనను పలుచన చేయుటకు అది ఉపకరించును. ఉన్న ఫ్యానులను తీసివేయుమని మేము చెప్పుట లేదు.

ఇది క్రొత్త సంగతియు కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షనులోనే, ధూళిని పీల్చు సాధనము దాని పుట్టుచోటునకు సాధ్యమైనంత దగ్గరగా ఉండవలెననియు, ఆ చోటును వీలైనంత మేరకు మూసివేయవలెననియు నియమింపబడినది. ఫ్యాక్టరీల చట్టముతో పాటు మరి పెక్కు చట్టములను కలుపుచు 2020లో పార్లమెంటు క్రొత్త స్మృతిని ఆమోదించినది. చట్టముల పేర్లు మారినను గాలి స్వభావము మారలేదు.

దగ్గరగా అను మాటకు ఎంత విలువ కలదో విద్యార్థులు ఇంటిలో ఒక క్రొవ్వొత్తితో తెలిసికొనవచ్చును. మూరెడు దూరము నుండి ఊదినచో దీపము ఆరిపోవును. అదే దూరము నుండి గాలిని లోనికి పీల్చి ఆర్పజూడుడు. మంట రెపరెపలైనను ఆడదు. ఊదిన గాలి ఒక ధారగా ముందునకు పోవును. పీల్చిన గాలి అన్ని దిక్కుల నుండియు వచ్చి చేరును గనుక మూతి నుండి కొంచెము దూరము జరుగగానే బలము నశించును. గొట్టము మూతి ఎంత వెడల్పో అంత దూరములోనే గాలి వేగము మూతి వద్దనున్న దానిలో పదవ వంతునకు పడిపోవును. దీనిని అమెరికా ఇంజనీరు డల్లావాలె 1930ల దశకమున ప్రయోగములతో లెక్కకు తెచ్చినాడు. మూతి నుండి పనికి గల దూరమును దానితోనే గుణించి, పదింతలు చేసి, మూతి వైశాల్యమును కలిపి, కావలసిన వేగముతో గుణించినచో సెకండుకు పీల్చవలసిన గాలి తేలును. 15 సెంటీమీటర్ల గుండ్రని మూతిని వెల్డింగునకు 15 సెంటీమీటర్ల దూరమున ఉంచినచో, సెకండుకు అర మీటరు వేగమునకై గంటకు సుమారు 440 ఘనపు మీటర్ల గాలి చాలును. 30 సెంటీమీటర్లకు జరిపినచో 1,650 కావలెను. 45 సెంటీమీటర్లకు జరిపినచో 3,700. 15 సెంటీమీటర్లు చాలిన చోట 45 సెంటీమీటర్ల దూరము పెట్టిన వానికి ఎనిమిది రెట్లు పెద్ద యంత్రము కావలసి వచ్చును. ధరల పట్టికను చూచు కమిటీ పెద్దలు ఈ మూడు సంఖ్యలను ప్రక్కన పెట్టుకొందురు గాక.

కావున యంత్రము కంటె ముందు మూతిని ఎన్నుకొనవలెను. దీనిని మన వర్క్ షాపు వారు హుడ్డు అందురు. మూతి చుట్టును రేకుతో వెడల్పైన అంచు కట్టించినచో వెనుక నుండి వచ్చు పనికిరాని గాలి తగ్గి, కావలసిన గాలిలో సుమారు నాలుగవ వంతు మిగులును. రేకు పనివాడు ఒక పూటలో చేసియిచ్చు వస్తువిది. ఏ వివరణ పత్రములోను దీనిని గూర్చి పెద్ద అక్షరములతో వ్రాయలేదు. అన్నిటికంటె మేలైన హుడ్డు పనిని మూడు వైపుల మూసి, ముందు మాత్రము చేతులు పట్టునంత తెరచిన పెట్టె. చిన్న వస్తువులను సానపట్టుటకు, రంగు చిమ్ముటకు, సోల్డరింగునకు ఇది చక్కగా సరిపోవును. వెల్డింగు వస్తువు పెద్దదియై చోటు మారుచుండును గనుక అక్కడ వంగు చేయి గల గొట్టము తప్పదు. అయితే ఆ చేతిని ప్రతి అతుకునకును దగ్గరకు లాగుకొను అలవాటు విద్యార్థికి లేకున్నచో అది గోడకు వ్రేలాడు అలంకారమే. సాండింగునకు జల్లెడ వంటి పలక గల బల్ల, పొడిని క్రిందికి పీల్చునది, మంచిది. కాని పెద్ద పలకను పరచి రంధ్రములన్నిటిని మూసినచో అది పనిచేయదు. చేతి గ్రైండరునకు చక్రమును కప్పు డొప్పయు, దానికి తగిలించు వాక్యూము యంత్రమును ఉత్తమము.

ఒక హుడ్డును మాత్రము మేము గట్టిగా కాదనుచున్నాము. వంటింటి చిమ్నీ వలె బల్లకు పైన వ్రేలాడదీయు గొడుగు హుడ్డు చూపునకు ఘనముగా నుండును. అమ్మకందారులు దానినే ముందు చూపుదురు. వంటమనిషి పొయ్యి మీదికి ముఖము వంచి నిలువడు. వెల్డరు, సోల్డరింగు చేయువాడు పని మీదికి వంగియే యుండును. పొగ పైకి పోవు దారిలో వాని ముక్కు ఉన్నది. పీల్చు దారి ఎప్పుడును పని నుండి ముఖమునకు ఎదురు దిక్కునకో, ప్రక్కకో, క్రిందికో ఉండవలెను గాని ముఖము మీదుగా ఉండరాదు.

మన ఎండలకు వెల్డింగు షెడ్డులో స్టాండు ఫ్యాను లేక నిలువలేమని విద్యార్థులు చెప్పుట న్యాయమే. కాని ఆ ఫ్యాను గాలి సెకండుకు ఒకటి రెండు మీటర్ల వేగముతో వచ్చి, హుడ్డు చేయు అర మీటరు లాగును ఓడించి, పొగను దాని పట్టు నుండి తన్నుకొని పోవును. ఫ్యానును వెనుక నుండి గాక, దూరముగా, నడుము క్రిందికి వీచునట్లు పెట్టి, ఊదువత్తి పొగతో చూచుకొని స్థానము నిర్ణయింపవలెను. అట్లే, పీల్చినంత గాలి ఎక్కడినుండియో లోనికి రావలెను. చలికాలమున కిటికీలన్నియు బిగించి హుడ్డును నడిపినచో అది గాలి దొరకక గింజుకొనును.

గొట్టముల విషయమున తప్పు జరుగునది వెడల్పులో. పెద్ద గొట్టమైతే గాలి బాగుగా పోవునని తోచును. కాని కొయ్యపొట్టు గొట్టములో తేలిపోవుటకు సెకండుకు 18 నుండి 20 మీటర్ల వేగము కావలెను. లోహపు సానధూళికి అంతకు మించి. వెల్డింగు పొగకు 10 చాలును. 440 ఘనపు మీటర్ల గాలిని 20 సెంటీమీటర్ల గొట్టములో పంపినచో వేగము 4 మీటర్లకు పడిపోయి, పొట్టంతయు కొన్ని వారములలో గొట్టములోనే పరుపు వలె పేరుకొనును. ఇరుకైనచో రొద, కరెంటు ఖర్చు పెరుగును. నిటారు మలుపుల బదులు వంపు మలుపులుండవలెను. మెత్తని ముడుతల గొట్టము ఎంత తక్కువ వాడిన అంత మంచిది.

గాలిని లాగు ఫ్యాను రెక్కల ఫ్యానా, నత్తగుల్ల ఆకారపు బ్లోవరా అను ప్రశ్నకు చర్చయే లేదు. రెక్కల ఫ్యాను తెరచిన గోడ రంధ్రములో ఎంతో గాలి త్రోయును. గొట్టము, ఫిల్టరు అడ్డు రాగానే చతికిలబడును. దాని బలము కొద్ది మిల్లీమీటర్ల నీటి మట్టమునకు మించదు. ఫిల్టరు గల ఏర్పాటునకు 100 నుండి 200 మిల్లీమీటర్ల నీటి మట్టపు లాగు కావలసి యుండును. వివరణ పత్రములలో పెద్ద అక్షరములతో వ్రాయు గాలి పరిమాణము ఏ అడ్డును లేనప్పటిది. మనము అడుగవలసినది వేరు: ఫిల్టరు సగము నిండిన పిమ్మట, ఈ పొడవు గొట్టము చివర, హుడ్డు మూతి వద్ద ఎంత గాలి వచ్చును? ఈ ప్రశ్నకు వ్రాతమూలకముగా జవాబు ఇయ్యని వాని కొటేషనును, అది ఎంత తక్కువదైనను, ప్రక్కన పెట్టుట మేలని మా సలహా.

ఫిల్టరునకు వచ్చుసరికి ముందు చెప్పిన మాటల భేదము పనికివచ్చును. కొయ్యపొట్టునకు మొదట సైక్లోను: గాలిని సుడిత్రిప్పి బరువైన దానిని క్రింది డబ్బాలో రాల్చును. 5 మైక్రానులకు లోబడిన పొడిని అది సరిగా పట్టజాలదు కనుక వెనుక గుడ్డసంచియో కార్ట్రిడ్జి ఫిల్టరో ఉండవలెను. పలుచని గుడ్డసంచి ఒక్కటే గల చౌక యంత్రము ముతక పొట్టును దాచి, మెత్తని పొడిని గది నిండ చల్లును. అది లేకుండుటయే మంచిది. లోహపు పొగను శుభ్రపరచి ఆ గాలిని మరల గదిలోనికే వదలదలచినచో హెపా ఫిల్టరు కావలెను. అందులో హెచ్13 తరగతిది పట్టుటకు అతికష్టమైన కణములలో కూడ 99.95 శాతము నిలుపును. థిన్నరు ఆవిరిని, రోజినపు పొగలోని వాయుభాగమును ఇదియు ఆపలేదు. వానికి బొగ్గు ఫిల్టరు కావలెను. బొగ్గు నిండిపోయినపుడు చూపునకు ఏ మార్పును కనిపించదు; వాసన వచ్చుటయే గుర్తు. గాలిని బయటకు వదలుట అన్నిటికంటె సులభము. అయితే ఆ గొట్టపు చివర గ్రంథాలయపు కిటికీ వైపుననో, ప్రక్క ఇండ్ల వైపుననో తెరచుకొనరాదు. గోడ గాడి కొట్టు పనికి ఇంటిలో వాడు వాక్యూము క్లీనరు పనికిరాదు. సిలికా ధూళికి 'ఎమ్' తరగతి యంత్రమని దాని మీదనే వ్రాసియుండును. రాయి, టైలు కోయునపుడు నీరు పోయు యంత్రము లభించినచో ధూళి చాల వరకు అణగును. అట్టిచోట పీల్చు యంత్రపు అవసరము తగ్గును.

ఒక హెచ్చరిక. సానచక్రపు గొట్టమును, కొయ్యపొట్టు గొట్టమును ఒకే బ్లోవరునకు కలిపి ధనము మిగుల్చుకొందమను ఆలోచన చర్చలో వినవచ్చినది. దీనిని ఆదిలోనే విడువవలెను. చక్రము నుండి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ పొట్టుసంచిలో పడి గంటల తరబడి రాజుకొని, కర్మశాలకు తాళము వేసిన తరువాత మండును. అల్యూమినియము పొడి మరియు ప్రమాదకరము, అది పేలును. కొయ్యపొట్టు గొట్టములు లోహపువై, ఎర్తు చేయబడి యుండవలెను.

మాస్కులుండగా ఈ ఖర్చెందుకని అడుగువారు కలరు. ముఖమునకు గట్టిగా అంటుకొని యున్నప్పుడే ఎన్95 మాస్కు పనిచేయును. గడ్డము పెంచుకొనిన వారికి అది సరిగా అమరదు. ప్రక్కల సందుల గుండ గాలి పోవును. మన అధ్యాపకులలోను విద్యార్థులలోను గడ్డము గలవారు ఎందరో వేరుగా చెప్పనక్కరలేదు. చేతిరుమాలు ముతక ధూళిని తప్ప దేనిని ఆపదు. మాస్కును ధరించిన వానికే రక్షణ; ప్రక్కన నిలిచి చూచు పదునైదుగురు విద్యార్థులకు, సాయంకాలము ఊడ్చుటకు వచ్చు ఆయాకు అది లేదు. గోడ గాడి కొట్టునపుడు, ఫిల్టరు మార్చునపుడు మాస్కు తప్పనిసరి. మిగిలిన వేళలలో అది హుడ్డునకు తోడు కావలెను గాని బదులు కారాదు.

ఉన్న ధనముతో అన్నియు ఒకేసారి కొనలేమని ఎరుగుదుము. మా క్రమము ఇది. మొదట వైరింగు విభాగమునకు డొప్పతో కూడిన గ్రైండరు, ఎమ్ తరగతి వాక్యూము; ధర పెద్దది కాదు, తొలగు కీడు పెద్దది. పిదప వెల్డింగు బల్లలలో రెండింటికి వంగు చేతులు, ఒక బ్లోవరు. మిగిలిన బల్లలను వంతుల మీద వాడుకొనవచ్చును. సోల్డరింగునకు మన విద్యార్థులే ప్లైవుడ్డుతో మూడు వైపుల పెట్టెలు చేసి, ఒక చిన్న బ్లోవరుతో గాలిని బయటకు పంపవచ్చును. అది వారికి పాఠము కూడ అగును. సాండింగు బల్లను, సైక్లోనును వచ్చే సంవత్సరమునకు ఉంచి, అందాక సాండింగు పనిని వరండాలో గాలి వాలున చేయించుట మంచిది. ప్రతి సంవత్సరపు బడ్జెటులోను ఫిల్టర్లకని ఒక పద్దు వేరుగా వ్రాయవలెను. యంత్రము కొని ఫిల్టరు కొనని సంస్థలలో హుడ్డులు మోతను తప్ప దేనిని ఇయ్యవు.

యంత్రము బిగించిన దినమున బిల్లు చెల్లింపక మునుపు చేయవలసినవి రెండున్నవి. ఒక ఊదువత్తి వెలిగించి, పని జరుగు స్థానమున పట్టి, పొగ సూటిగా మూతిలోనికి పోవుచున్నదో లేక విద్యార్థి ముఖము వైపు తిరుగుచున్నదో చూడవలెను. రెండవది, ఫిల్టరునకు ముందు, వెనుక రెండు రంధ్రములు చేసి, రంగునీరు పోసిన పారదర్శకపు గొట్టమును 'యు' ఆకారమున వంచి తగిలింపవలెను. క్రొత్త ఫిల్టరుతో రెండు వైపుల నీటి మట్టముల భేదమెంతో గోడ మీద గీత గీచి తేదీ వ్రాయవలెను. ఆ భేదము రెట్టింపయిన దినమున ఫిల్టరు శుభ్రము చేయవలెను, లేక మార్చవలెను. శుభ్రము చేయుటయనగా వాకిట్లో నేలకు కొట్టి దులుపుట కాదు. అట్లు దులిపినచో ఆరు నెలలుగా పట్టిన ధూళియంతయు ఒక్క నిమిషమున దులిపినవాని ఊపిరిలో పడును. దానిని తడిపి, సంచిలో చుట్టి, మూతి కట్టి తీసివేయవలెను. ఆ గీతను ప్రతి సోమవారము చూచి పుస్తకమున వ్రాయు బాధ్యతను వెల్డింగు రెండవ సంవత్సరపు విద్యార్థులకు అప్పగింపవచ్చునని కర్మశాల అధ్యాపకులు అంగీకరించియున్నారు.